వాహనాధికారము

మోటారుబండి నడుపుట పౌరుని హక్కా, లేక ప్రభుత్వము దయచేయు అనుగ్రహమా? ఇది న్యాయవాదులు తీఱికవేళ చర్చించుకొనదగిన విషయమే కాని పల్లెలయందు బ్రదుకువారికి దీనితో పనిలేదని కొందఱికి తోచవచ్చును. వికారాబాదు జిల్లాలో కర్ణాటకపు సరిహద్దును ఒరసికొని యున్న బషీరాబాదు మండలపు త్రోవలను ఒక దినము పరికించినవారు అట్లు తలపరు. తాండూరు అంగడికి కందులు కొనిపోవు ట్రాక్టరు, నాపరాయి బండలు మోయు లారీ, పరిమితికి మించి జనమును ఎక్కించుకొన్న ఆటో, ముగ్గురు కూర్చున్న మోటారుసైకిలు, నెత్తిపై గడ్డిమోపుతో నడచిపోవు స్త్రీ, భుజమున సంచితో బడికి పోవు బాలుడు, వీరందఱికిని ఉన్నది ఒక్కటే త్రోవ. ఆ త్రోవపై ఎవరికెంత చెల్లునో తేల్చుటయే ఈ ప్రశ్నయొక్క సారము. దీనికి సరియైన సమాధానము దొరకనిచోట నష్టపడువాడు వాదములో ఓడినవాడు కాడు, త్రోవప్రక్కన నడచువాడు.

హక్కు అనువారి వాదమిది. రాజ్యాంగములోని 19వ అధికరణము పౌరుడు దేశమంతట స్వేచ్ఛగా సంచరింపవచ్చునని చెప్పుచున్నది. నేటి కాలమున బండి లేని సంచారము సంచారమే కాదు. కావున బండి నడుపుటయు హక్కే. అనుగ్రహము అనువారి వాదము వేఱు. లైసెన్సు ఇచ్చునది ప్రభుత్వము; ఇచ్చినవారికి తీసికొను శక్తియు కలదు; కావున అది వారి దయ. ఈ రెండు భావములును చరిత్రలో వేఱువేఱు రూపములతో ఆచరణకు వచ్చినవే. రెండింటి ఫలములును మన పూర్వులు అనుభవించిరి, మనమును అనుభవించుచున్నాము. కావున వాదమునకు దిగకముందు చరిత్రను ఒకసారి తిరుగవేసి చూచుట మంచిది.

మన ధర్మశాస్త్రములలో త్రోవను గూర్చిన విధులు లేకపోలేదు. ఎవరికి దారి తొలగి యీయవలెనో మనుస్మృతి రెండవ అధ్యాయమున చెప్పబడినది. బండిపై పోవువాడు, తొంబదియేండ్లు దాటిన వృద్ధుడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, స్నాతకుడు, రాజు, పెండ్లికుమారుడు, ఇది ఆ పట్టిక. దీనిని నిదానించి చూచినచో ఇందు రెండు భిన్నములైన న్యాయములు కలిసియున్నవని తెలియును. వృద్ధునికి, రోగికి, బరువు మోయువానికి దారి యిచ్చుట వారి అవసరమును బట్టి. ఎద్దులను చటుక్కున మరల్చుట కష్టము గనుక బండివానికి ఇచ్చుటయు అవసరమును బట్టియే అని మా యభిప్రాయము. రాజునకును స్నాతకునకును ఇచ్చుట మాత్రము వారి గౌరవమును బట్టి. ఇట్లు అవసరమును గౌరవమును ఒకే శ్లోకమున ఇఱుకుకొని కూర్చున్నవి. ఆ రెండింటిని విడదీయుటకు మనకు చాల శతాబ్దములు పట్టినది. 2017 మే 1వ తేదీనుండి మంత్రులయు అధికారులయు కార్లపై ఎఱ్ఱదీపములు తొలగింపబడి, అంబులెన్సు, అగ్నిమాపక శకటము మొదలగువానికి మాత్రమే గుర్తుదీపములు మిగిలినవి. గౌరవము దిగిపోయినది, అవసరము నిలిచినది. శాస్త్రమున కలిసియున్నదానిని లోకము అంతకాలమునకు వేఱుచేయగలిగినది.

అదే స్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండివాని బాధ్యత మఱింత సూక్ష్మముగా విచారింపబడినది. ముకుత్రాడు తెగినను, కాడి విరిగినను, ఇరుసో చక్రమో విరిగినను, తొలగుడని సారథి బిగ్గరగా కేక వేసిన పిమ్మటను జరిగిన హానికి దండనము లేదు. ఇట్టి మినహాయింపులు పది లెక్కింపబడినవి. కాని సారథికి నేర్పు చాలక బండి దారితప్పి హాని జరిగినచో బండి యజమానునికి 200 పణముల దండనము. సారథి నేర్పరియైనచో దండనము సారథికే. నేర్పులేనివాడు తోలు బండిలో కూర్చున్నవారికి సైతము తలకు 100 పణములు. నేర్పులేనివానికి పగ్గములు అప్పగించినవాడు దోషి. అట్టివాని వెనుక నిశ్చింతగా కూర్చున్నవాడును దోషియే.

కౌటిల్యుని అర్థశాస్త్రము ఇంకొక అడుగు ముందునకు పోయినది. బాలుడు బండి తోలుచున్నచో అందు కూర్చున్న యజమానుని దండింపవలెను. బాలుడు తోలు బండిని, మనిషి లేక పోవు బండిని రాజు స్వాధీనపఱచుకొనవలెను. ఇది చదివినవారు 2019లో మన మోటారు వాహనముల చట్టమునకు సవరణగా చేరిన 199-ఏ సెక్షనును పోల్చి చూడవచ్చును. మైనరు బండి నడిపి నేరము చేసినచో, తనకు తెలియక జరిగినదనియో, ఆపుటకు తగిన జాగ్రత్త పడితిననియో రుజువు చేసికొన్న తప్ప, వాని సంరక్షకుడో బండి యజమానుడో దోషిగా నెంచబడును. వానికి 3 ఏండ్లవఱకు చెఱ, 25,000 రూపాయల జుర్మానా. బండి రిజిస్ట్రేషను 12 మాసములు రద్దు. ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు లేదు. ఎద్దుబండి పోయి మోటారుబండి వచ్చినను, నేరము ఎవరిదను ప్రశ్నకు కౌటిల్యుడు చెప్పిన జవాబే పార్లమెంటును చెప్పవలసివచ్చినది.

ఈ ప్రాచీనవిధులు పట్టించుకొన్నది సారథి నేర్పును, వయస్సును, దోషమును. కాని శాస్త్రమొక త్రోవను పోవ లోకము వేఱొక త్రోవను పోయినది. ఆచరణలో వాహనము గౌరవచిహ్నమైనది. పల్లకి అనగా నడవలేనివానికి సాధనమని కాక, రాజు మెచ్చి యిచ్చు బిరుదని జనులు తలచిరి. కృష్ణరాయలు పెద్దన పల్లకికి స్వయముగా చేయి యిచ్చెనను ప్రతీతిని మనవారు నేటికిని మురిపెముతో చెప్పుకొందురు. ఒక్కనాడు చేయి యిచ్చిన రాజు జ్ఞాపకమున్నాడు; ప్రతిదినము భుజము కాయలు కాయ మోసిన బోయీల సంగతి ఎవరును తలపరు.

తాండూరు ప్రాంతము 1956 వఱకు నిజాము రాజ్యమునందును, తరువాత హైదరాబాదు రాష్ట్రమునందును గుల్బర్గా జిల్లాలో చేరియుండినది. వికారాబాదు పేరే పాయిగా అమీరగు వికారుల్ ఉమ్రా పేరిటిది. ఆ రాజ్యమున దొరలును సర్కారు నౌకరులును గ్రామమునకు వచ్చినపుడు వారిని మేనాలలో మోయుట, వారి సామానులు చేరవేయుట, వారి బండ్లకు ఎడ్లను సమకూర్చుట వెట్టిలోని భాగము. ఎక్కువానికి అది హక్కు. మోయువానికి కూలియు లేదు, కాదనుటకు నోరును లేదు. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘమును, మాడపాటి హనుమంతరావుగారును వెట్టిని ఖండించి ప్రజలకు బోధించిరి. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్ర మహాసభ జరుగునాటికి ఈ అన్యాయములు బహిరంగముగా చర్చకు వచ్చుచుండెను. వాహనము ఒకని జన్మహక్కైనపుడు అది మఱియొకని వీపున బరువై కూర్చుండుననుటకు తెలంగాణమువారికి వేఱు దృష్టాంతము వలదు.

మోటారు వచ్చినపుడును మొదట ఈ భావమే కొనసాగినది. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను ఇంగ్లండునందు ఒక రోల్సు రాయిసు కారును చేయింప నియోగించెను. 1911లో ఆయన గతించుటచే అది ఏడవ నిజామగు ఉస్మాను అలీఖానునకు చేరెను. దాని వెనుక పీఠము సింహాసనమువలె అమర్చబడినది. అనగా కారు అపుడు ప్రయాణసాధనము కాదు, చక్రములు గల గద్దె.

అదేకాలమున దేశపు దక్షిణాగ్రమున వేఱొక బండి త్రోవకు వచ్చియుండెను. తిరువాన్కూరులో పులయజాతివారు రాజమార్గమున నడచుటకే అడ్డంకి యుండిన దినములలో, 1893లో అయ్యంకాళి ఒక ఎద్దుబండి కొని, మంచి వస్త్రములు ధరించి, బహిరంగముగా ఆ త్రోవలను బండి తోలించుకొని పోయెను. దెబ్బలాటలు జరిగినవి. అయినను బండి ఆగలేదు. ఆయన కోరినది దొరతనము కాదు. అందఱి త్రోవ అందఱిదని అంగీకరింపుమనుటయే. వాహనము అనుగ్రహముగా నుండినంతకాలము ఆ యనుగ్రహము పుట్టుకను చూచి కురిసినది. కావున అనుగ్రహవాదమును సమర్థించువారు ఈ చరిత్రకును సమాధానము చెప్పవలెను.

ఈ కట్టును మొదట సడలించినవి నీతిబోధలు కావు, రైలుపెట్టెలును బస్సులును. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు రైలుమార్గము తెఱవబడినది. తాండూరు, వికారాబాదు ప్రాంతములు ఆ దారిలోనివే. రైలులో తరగతులు లేకపోలేదు; కాని టిక్కెట్టు కొన్నవానిని నీది ఏ కులమని అడుగు పని టిక్కెట్టు ఇచ్చువానికి లేకపోయెను. 1932 జూనులో నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను స్థాపించి 27 బస్సులతో ప్రజలకొఱకు రాకపోకలు సాగించిరి. నేటి ఆర్టీసీకి మూలము అదియే. బస్సు వచ్చినపిమ్మట ప్రయాణమువేఱు, వాహనము నడుపుటవేఱు అను భేదము స్పష్టమైనది. నూర్గురు ప్రయాణము చేయుదురు. స్టీరింగు ఒక్కని చేతనుండును. ఆ ఒక్కని అర్హతపైననే నూర్గురి ప్రాణములు ఆధారపడియుండును. హక్కును గూర్చి మాటాడువారు తఱచు ఈ రెండింటిని కలిపివేయుదురు.

ఇక లైసెన్సుయొక్క పుట్టుక చూతము. ఇంగ్లండున 1903నాటి మోటారుకార్ల చట్టము లైసెన్సును నిర్బంధము చేసెను. ఐదు షిల్లింగులు చెల్లించినచాలును, లైసెన్సు చేతికి వచ్చెడిది, పరీక్ష లేదు. అచట లైసెన్సు అనగా రశీదు మాత్రమే. దాని ఫలము లెక్కలలో కనబడినది. 1934వ సంవత్సరమొక్కటియందే ఆ చిన్న దేశమున 7,343 మంది త్రోవలపై చనిపోయిరి. అపుడుకాని వారికి కన్ను తెఱవలేదు. 1935 జూన్ 1వ తేదీనుండి క్రొత్తగా నడుపువారికి పరీక్ష నిర్బంధమైనది. మన దేశమున 1914లోను, 1939లోను చట్టములు వచ్చినవి. వాని స్థానమున 1988నాటి చట్టము 1989 జూలై 1నుండి అమలునకు వచ్చి నేటికిని సవరణలతో నడచుచున్నది. దాని 3వ సెక్షను లైసెన్సు లేనివాడు బహిరంగస్థలమున మోటారుబండి నడుపరాదని నిషేధించును. 9వ సెక్షను నిర్ణీతమైన పరీక్షలో నెగ్గినవానికి లైసెన్సు ఇయ్యవలెనని చెప్పును, ఇయ్యవచ్చునని కాదు. 19వ సెక్షను తాగుబోతును, ప్రమాదకరముగా నడుపువానిని అనర్హుని చేయు శక్తిని అధికారికి ఇచ్చును. కాని వాని మాట వినకముందు కాదు, పై అధికారికి మొఱపెట్టుకొను వీలు లేకుండను కాదు. 13వ సెక్షను ప్రకారము ఒకచోట ఇచ్చిన లైసెన్సు దేశమంతట చెల్లును. బషీరాబాదువాడు సరిహద్దు దాటి సేడమునకు పోయినను వాని నేర్పు మాఱదు గదా!

ఈ నాలుగు సెక్షనులను కలిపి చదివినవారికి ఒకటి తేటపడును. మొదట నిషేధమున్నది గనుక ఇది జన్మహక్కు కాదు. నెగ్గినవానికి ఇయ్యకతప్పదు గనుక ఇది దయయు కాదు. న్యాయస్థానములును ఈ దారినే నడచినవి. ఉత్తరప్రదేశపు ప్రభుత్వము ప్రైవేటు బస్సులను తొలగించి తానే బస్సులు నడుపదలచినపుడు వచ్చిన సగీరు అహమ్మదు వ్యాజ్యమున, 1954లో సుప్రీంకోర్టు రహదారులు ప్రభుత్వమున నిహితములైనను అది ప్రజల తరపున ధర్మకర్త మాత్రమే అనియు, కట్టుబాట్లకు లోబడి ఆ త్రోవలపై బండ్లు నడుపుట ప్రజలకు చెల్లుననియు నిర్ణయించెను. మన తెలుగునాట కృష్ణాజిల్లా బస్సుల యజమానులు తెచ్చిన గుళ్లపల్లి నాగేశ్వరరావు వ్యాజ్యమున 1958లో అదే న్యాయస్థానము, అభ్యంతరములను ఒకరు విని వేఱొకరు తీర్పు చెప్పుట న్యాయము కాదని ప్రభుత్వపు ఉత్తరువును కొట్టివేసెను. అమెరికా సుప్రీంకోర్టు 1915లో లైసెన్సు నిర్బంధించు అధికారము రాష్ట్రములకు కలదని ఒప్పుకొనెను. 1971లో జార్జియా రాష్ట్రపు వ్యాజ్యమున, ఒకసారి ఇచ్చిన లైసెన్సు మనుష్యుని జీవనోపాధికి ఆధారము కావచ్చును గనుక, దానిని హక్కనినను అనుగ్రహమనినను సరే, విచారణ లేక లాగికొనరాదని చెప్పెను. పేరు ఏదైనను న్యాయము తప్పరాదని ఆ తీర్పుల భావము.

హక్కు కాదు, అనుగ్రహమును కాదు. మఱి దీనిని ఏమనవలెను? దీనికి తగిన మాట మన మీమాంసకులు ఎన్నడో చెప్పియుంచిరి. అది అధికారము. నేడు ఆ మాటకు పెత్తనమను అర్థము పట్టినది గాని, జైమిని సూత్రముల ఆఱవ అధ్యాయమున దాని యర్థము వేఱు. ఒక కర్మము చేయుటకు ఎవడు తగునో ఆ తగుటయే అధికారము. అధికారికి లక్షణములు నాలుగు. వాడు దానిని కోరువాడై యుండవలెను, చేయ సమర్థుడై యుండవలెను, చేయు విధానమెఱిగిన విద్వాంసుడై యుండవలెను, నిషేధింపబడినవాడు కాకుండవలెను. బండి నడుపుటకు ఇంతకంటె చక్కని నిర్వచనము మాకు కనబడలేదు. కోరిక, శక్తి, విద్య, ఈ మూడును కలవానిని లోకమేదియు కాదనరాదు. ఈ మూటిలో ఒకటి కొఱతపడినవానికి చక్రవర్తియు ఇయ్యజాలడు.

చిక్కెల్ల నాలుగవ లక్షణమునందున్నది. నిషేధమను ఆ సన్నని ద్వారమునుండియే పుట్టుకనుబట్టి వెలివేయుట లోపల ప్రవేశించినది. పురుషునికే అధికారమని ఐతిశాయనుడు వాదించెను. సూత్రకారుడు ఆ వాదమును నిలువనీయలేదు. శూద్రునితో సహా అందఱికిని అధికారము కలదని బాదరి చెప్పెను. ఆ మాట మాత్రము ఓడిపోయినది. బాదరి మాట నెగ్గియుండినచో మన దేశచరిత్ర ఎట్లుండెడిదో! జన్మను జూచి మూయు తలుపు విద్యను గూడ బయటనే నిలుపును. దీని ఫలమేమో తెలియుటకు ఒక్క సంగతి చాలును.

1929లో డాక్టరు అంబేద్కరుగారు అస్పృశ్యుల కష్టములను విచారించు ప్రభుత్వసంఘమున సభ్యులై ధూలియా పోయి, తిరుగుదారిలో చాళిస్‌గాం స్టేషనున దిగిరి. అచటి మహారులు ఆయనను తమ వాడకు కొనిపోవ ఆశపడిరి. జట్కావాండ్రు అస్పృశ్యుని ఎక్కించుకొని తోలుట తమకు తక్కువ అని నిరాకరించిరి. తుదకు జట్కాను అద్దెకిచ్చుటకు మాత్రము ఒకడు ఒప్పుకొనెను. తోలుటకు మహారులలోనే ఒకడు ఎక్కెను. వానికి తోలుట తెలియదు. మోరీవంతెనమీద చక్రము తగిలి అంబేద్కరుగారు రాళ్లపై విసరివేయబడి కాలు విరిగెను. గుఱ్ఱమును బండియు ఏటిలో పడెను. ఆయనయే ఈ సంగతిని వ్రాసియుంచిరి. తోల నేర్చినవాడు కులము పేర తోలనన్నాడు. తోలినవానికి నేర్చుకొను వీలు కులము పేరనే కలుగలేదు. అవమానింపరాదను తలంపుతో అనర్హుని చేతికి పగ్గములిచ్చుటయు ప్రమాదమే యైనది. జన్మచే అర్హతను కొలుచుట, అర్హతను అసలే కొలువకుండుట, ఈ రెండు దోషములును ఆనాడు ఒక్క మోరీవద్ద కలిసికొన్నవి.

పుట్టుక తలుపులు ఇటీవలివఱకును అక్కడక్కడ మూసియేయున్నవి. సౌదీ అరేబియాలో స్త్రీలు కారు నడుపుటకు 2018 జూన్ 24 వఱకు వీలులేకపోయెను. వినికిడి లేనివారు పరీక్షలో నెగ్గినచో లైసెన్సు పొందవచ్చునని ఢిల్లీ హైకోర్టు 2011లో చెప్పవలసివచ్చినది. సరకుల బండ్లు, అద్దెబండ్లు నడుపగోరువారు ఎనిమిదవ తరగతి నెగ్గియుండవలెనను నియమము 2019లో ఎత్తివేయబడినది. ఉపాధ్యాయవృత్తిలో నున్న మేము చదువును తక్కువచేయుదుమా? అయినను ఈ నియమము పోవుట మంచిదే యని మా యభిప్రాయము. పేదఱికముచే బడి మానిన యువకుడు బండలలారీ నడుపుటయందు నేర్పరి కావచ్చును. వానికి కావలసిన విద్య త్రోవగుర్తులు, బండి బరువు, వేగము, బ్రేకు, ఎదుటివాని ప్రాణముయొక్క విలువ. ఆ విద్యను పరీక్షింపుడు. వాడు చిన్నతనమున విడిచిన బడిని వానిపై శిక్షగా మోపకుడు.

పుట్టుక తలుపు తెఱచుట సంస్కారమైనచో, విద్యతలుపును కాచుటయు అంతే సంస్కారము. ఇక్కడనే మనము వెనుకబడితిమి. 2022లో మన దేశపు త్రోవలపై 1,68,491 మంది చనిపోయిరని కేంద్రప్రభుత్వపు లెక్క. అందు నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములవారు. ఇంచుమించు ఐదవవంతు కాలినడకవారు. నడచువాడు ఏ లైసెన్సు కోరినాడు, ఎవరికి హాని చేసినాడు? 2025 మే నెలలో సుప్రీంకోర్టు కాలిబాట నడచువారికి రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమని చెప్పినది. నిజమైన హక్కు ఇది. దీనికి పరీక్ష లేదు, వయస్సు లేదు, రుసుము లేదు.

మన జిల్లా గాయము ఇంకను పచ్చిగానే యున్నది. 2025 నవంబరు 3వ తేదీని తాండూరునుండి హైదరాబాదునకు పోవుచున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గఱ మీర్జాగూడవద్ద కంకర నింపిన టిప్పరు ఢీకొనగా, కంకర మీదపడి ఇంచుమించు ఇరువదిమంది అసువులు బాసిరి. తప్పు ఎవరిదో చెప్పుట విచారణాధికారుల పని, మా పని కాదు. ఆ ఇఱుకుత్రోవను వెడల్పు చేయు పనియు, త్రోవప్రక్కల మఱ్ఱిచెట్లను గూర్చిన వ్యాజ్యమును ఏండ్లతరబడి నలిగిన మాట అందఱెఱిగినదే. మేము ఇచట చెప్పదలచినది ఒక్కటి. ఆ బస్సులోనివారు బండి నడుపు హక్కును కోరినవారు కారు. టిక్కెట్టు పుచ్చుకొనియో, 2023 డిసెంబరు 9నుండి స్త్రీలకు కలిగిన ఉచితప్రయాణపు సదుపాయముననో కూర్చున్న సాధారణ జనులు. వారు తమ ప్రాణములను, కనబడని ఎందఱో సారథుల అర్హతయందలి నమ్మకముపై ఉంచి బయలుదేరిరి. లైసెన్సు అనగా ఆ నమ్మకమునకు ప్రభుత్వము వేసిన ముద్ర. ముద్ర అబద్ధమైనచో నమ్మినవాడు మోసపోవును.

ఈ మోసమునకు ప్రభుత్వమొక్కటే కారణమని తప్పించుకొనుట సాధ్యము కాదు. పరీక్షకు పోకయే కాగితము తెప్పించు పైరవీని మనము నేర్పుగా చెప్పుకొనుచున్నాము. పదునాలుగేండ్ల కుమారుడు మోటారుసైకిలు నడుపుచుండ, కాళ్లు నేలకు ఆనకున్నను ఎంత బాగుగా నడుపుచున్నాడోయని తండ్రి మురియును. పెండ్లిలో అల్లునికి బండి పెట్టు దురాచారము మన పల్లెలలో వేరూనినది. కట్నపు బండికి రంగు ఏది, కంపెనీ ఏది యని ఇరువైపులవారును తర్కింతురు. అల్లునికి లైసెన్సు ఉన్నదాయని అడిగిన పెద్దమనిషి అరుదు. అప్పు చేసి కొన్న ఆ బండిపైననే కూతురును ఎక్కి పోవలెనని తలచుకొన్న తండ్రియైనను అడుగవలదా? నేర్పులేనివాని చేతికి పగ్గములిచ్చినవాడు దండ్యుడని మనువు చెప్పిన మాటను ఇట్టి కట్నదాతలకు వినిపింపవలెను. ఆ గ్రంథములో విడువదగినవి ఎన్నియో కలవు. ఇది మాత్రము విడువదగినది కాదు.

ప్రభుత్వమునకు సంబంధించిన మాట యొకటి యున్నది. అనర్హుని చేతినుండి స్టీరింగు తీసికొనుట న్యాయమే. కాని పొలమునుండి అంగడికి, ఊరినుండి ఆస్పత్రికి పోవుటకు వానికి వేఱు సాధనము లేనిచోట ఆ న్యాయము సగము న్యాయమే యగును. బస్సు రాని పల్లెలో లైసెన్సు లేనివాడు బండి ఎక్కుట ధిక్కారముచేత కాదు, గతిలేక. నడుపరాదని చెప్పు ప్రభుత్వము కూర్చుండుటకు చోటు చూపవలెను. వేళకు వచ్చు బస్సు, నడచువానికి కాలిబాట, నేర్చుకొనువానికి చేరువలో శిక్షణశాల, నిజమైన పరీక్ష, ఇవి నాలుగును ఉన్నచోట నిషేధము ధర్మమగును. ఇవి లేక జుర్మానాలు మాత్రమే యున్నచో అది ఇంకొక పన్ను.

ఈ చరిత్రవలన తేలిన ధర్మమును సంగ్రహముగా చెప్పుదుము. నడచుట మనుష్యుని హక్కు. క్షేమముగా ప్రయాణము చేయుటయు హక్కే. బండి నడుపుట అధికారము. నేర్చి సంపాదింపవలసినది, ఏమఱినచో పోగొట్టుకొనవలసినది. దానిని కులము చూచియు స్త్రీయని చూచియు ఎవనికిని నిరాకరింపరాదు; ధనము చూచియు పైరవీ చూచియు ఎవనికిని ఇయ్యరాదు. పరీక్షలో తప్పినవానిని మఱల నేర్చుకొని రమ్మనుట అవమానము కాదు. మా బడులలో ప్రతి సంవత్సరము జరుగు పనియే. బడిలో తప్పిన పిల్లవానివలన నష్టము వాని కొక్కనికే, అదియు ఒక యేడు మాత్రమే. త్రోవపై తప్పినవాని నష్టము ఎవరి ఇంటిమీద పడునో ముందుగా చెప్పగలవారు లేరు.